సగంలో ఆగిన చెయ్యి

ఆ వీధిలో ఆమెను అందరూ చేతులమ్మ అంటారు. ఎగతాళిగా మొదలైన పేరే గాని, ఇరవై ఏళ్లు వాడేసరికి అరిగి మెత్తబడింది. ఆమె తల్లికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. బడిపిల్లల చొక్కాలు కుట్టి కూతుర్ని పెంచింది. కూతురు మాటలకంటే ముందు సైగలు నేర్చింది. ఆరేళ్లకే ఆసుపత్రిలో స్టూలెక్కి నిలబడి, డాక్టరు చెప్పింది తల్లికీ తల్లి చెప్పింది డాక్టరుకీ చేరవేసింది. పెద్దయ్యాక అదే ఉద్యోగమైంది. ఇవాళ కోర్టు, రేపు ఆసుపత్రి, ఎల్లుండి బ్యాంకు. బస్సులు మారుతూ తిరిగేది.

తల్లి మంచాన పడ్డాక ఇల్లు కదిలే వీలు లేకపోయింది. ఆమె పనిచేసే అనువాద కేంద్రం వాళ్లు ఆ రోజుల్లోనే వీడియో పని మొదలుపెట్టారు. ఆసుపత్రిలో ఒక నర్సు ట్యాబ్ పట్టుకుని వినపడని రోగి ఎదురుగా నిలబడుతుంది. ఇంట్లో కూర్చున్న చేతులమ్మ తెరలో రోగి చేతులు చూసి డాక్టరుకు మాటల్లో చెబుతుంది, డాక్టరు మాట విని రోగికి చేతులతో చెబుతుంది. పాత సామాన్లు పడేసే గదిని ఖాళీ చేసి అందులో కుర్చీ వేసుకుంది. వెనక గోడకు ముదురు నీలం గుడ్డ కట్టింది. ఎదురుగా రెండు దీపాలు పెట్టింది. వేళ్లు స్పష్టంగా కనపడాలని గీతలూ పూలూ లేని నల్లచొక్కాలు నాలుగు కుట్టించుకుంది.

అన్నిటికంటే ఆమెకు కావలసింది నెట్. మిగతావాళ్ల వీడియో కాల్‌లో బొమ్మ ఆగినా మాట వినిపిస్తూ ఉంటుంది, పని జరిగిపోతుంది. ఆమెకు బొమ్మే మాట. సైగల్లో 'లేదు', 'వద్దు' లాంటివి ఎక్కువగా చివరికొస్తాయి. ఆ చివరి విదిలింపు కనపడకపోతే 'లేదు' కాస్తా 'ఉంది' అయి కూర్చుంటుంది. అందుకే గది తలుపు మూసి ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ నెట్ ముట్టుకోకూడదని గట్టి నియమం. భర్త ఉద్యోగానికి వెళ్లిపోతాడు కాబట్టి ఆ నియమం బరువంతా అత్తగారి మీదే పడేది.

"హంతకుడెవడో బయటపడే టైముకి ఆపమంటావేంటే? కడుపు ఉబ్బి చస్తాను నేను," అనేది ఆవిడ, సీరియల్ ఆపిన ఫోను ఒళ్లో పెట్టుకుని.

కింది వాటాలో గొంతు మాస్టారు ఉంటాడు. పాఠాలు చెప్పడం మానేశాక ఇంట్లోనే పుస్తకాలు చదివి రికార్డు చేసి పంపే పని పెట్టుకున్నాడు. ఆయనకు కావలసింది నిశ్శబ్దం. పైవాటాకు చేతనైనవన్నీ ఇవ్వొచ్చు గాని అదొక్కటి ఇవ్వలేకపోయింది. ఎందుకంటే వినపడని మనిషిని పిలవాలంటే కేక వేసి లాభం లేదు, కాలితో నేలను తన్నాలి. ఆ అదురు తగిలి వాళ్లు తల తిప్పుతారు. చేతులమ్మ తల్లిని ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్లు, అత్తగారితో సహా. మాస్టారు చదివే ప్రతి పేజీలో ఎక్కడో ఒకచోట 'ధబ్' మని పడేది. ఓ రోజు ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"పైన ఏనుగుల్ని గానీ పెంచుతున్నారా?"

"పెంచుతున్నాం. నీ గొంతు వినలేకే తొక్కుతున్నాయి," అంది అత్తగారు.

చేతులమ్మ సర్దిచెప్పే లోపలే మాట మీద మాట పెరిగింది. ఆయన మంచానున్న మనిషిని చూపించి "ఆవిడకు ఎలాగూ వినపడదు, మాకు వినపడుతుందిగా" అన్నాడు. అది చేతులమ్మ గుండెలో ముల్లులా దిగింది. అప్పట్నుంచి రెండు వాటాల మధ్య మాటల్లేవు. పదకొండు నెలల కింద తల్లి ఆసుపత్రిలో పోయింది, అక్కడినుంచే సొంతూరికి తీసుకెళ్లిపోయారు. ఆయన మెట్లెక్కి రాలేదు.

ఇంతకీ చెప్పబోయేది ఆ తర్వాత ఒక పొద్దున జరిగిన సంగతి.

పదకొండు కావొస్తుండగా కాల్ వచ్చింది. తెరలో ఒక వడ్రంగి, యాభై దాటినవాడు. నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరిగింది. కాసేపట్లో ఆపరేషన్. మత్తు డాక్టరు నడుములో సూది వేసి నడుం కిందిభాగం మొద్దుబారేలా చేయాలనుకుంటున్నాడు. దానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు అడుగుతున్నాడు. గొంతులో తొందర వినపడుతోంది.

"రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నాడా కనుక్కోండి."

ఆమె అడిగింది. వడ్రంగి గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. ఆమె అతని చేతుల వెంటే మాట నడిపించింది. "గుండెకు రోజూ ఒక మాత్ర వాడతానండీ. పన్ను పీకించుకోవాల్సి వచ్చి ఆపేశాను."

"ఆపి ఎన్నాళ్లయింది?"

ఆమె చేతులు అడిగాయి. అతని వేళ్లు లేచాయి.

"పది రోజులు," అంది ఆమె.

"పది రోజులా? చాలు, చాలు. ఇంక పర్లేదు."

ఆ 'చాలు' వినపడుతుండగానే బొమ్మ ఆగింది. వడ్రంగి కుడిచెయ్యి వేళ్లు వంచి, ఎడమ అరచేతి వైపు తిప్పుతూ గాల్లో నిలిచిపోయింది. మూడు సెకన్లు అలాగే ఉండి తెర నల్లబడింది. బయట వీధిలో గొట్టాల కోసం రోడ్డు తవ్వుతున్న యంత్రం కూడా అప్పుడే ఆగింది. ఎవరో "తీగ తెగింది రోయ్" అని అరిచారు.

మొదట ఆమెకేమీ తోచలేదు. తీగ తెగడం ఆ వీధిలో కొత్త కాదు. ఫోను తీసి కేంద్రానికి చెబుదామనుకుంటూ లేచి, సగం లేచి ఆగిపోయింది. ఆ చెయ్యి. 'పది రోజులు' అయిపోయాక చేతులు ఒళ్లోకి రావాలి. రాలేదు. కనుబొమలు పైకే ఉన్నాయి. ఆ మనిషి ఇంకా చెబుతున్నాడు. వేళ్లు వంచి అరచేతి వైపు తిప్పడం 'మళ్లీ' అనే మాటకు మొదలు.

మళ్లీ ఏమిటి? మళ్లీ నొప్పి వచ్చిందా? మళ్లీ పన్నా? మళ్లీ మాత్ర మొదలుపెట్టాడా?

చిన్నప్పుడు తల్లి చేతులు పూర్తిగా ఆగకముందే తాను మాట అందుకుంటే తల్లి ఆమె నోటి మీద చిన్నగా కొట్టేది. ముప్పై ఏళ్లుగా ఆ దెబ్బ గుర్తుంచుకుని పనిచేసిన మనిషి, ఇవాళ డాక్టరు తొందరతో తానూ తొందరపడింది. మాత్ర ఇంకా ఒంట్లో ఉంటే, ఆ సూది వేసినచోట రక్తం ఆగక వెన్నులో గడ్డకట్టొచ్చు. కాళ్లు పడిపోవచ్చు. ఆసుపత్రి కాల్స్ చేసీ చేసీ ఆ సంగతి ఆమెకు డాక్టర్లకు తెలిసినంత బాగా తెలుసు.

ఫోను డేటాతో మళ్లీ కలపబోయింది. గదిలో ఒక్క గీతే సిగ్నల్. వసారాలోకి పరుగెత్తింది, రెండు గీతలు. బొమ్మ రావడమైతే వచ్చింది, అది కూడా గళ్లుగళ్లుగా, తడి అద్దంలోంచి చూసినట్టు. అందులో వేలేదో మణికట్టేదో తెలియదు. వెంటనే అదీ పోయింది. కేంద్రం పర్యవేక్షకురాలికి ఫోన్ చేసింది. ఆవిడా ఇంటి నుంచే పనిచేస్తుంది. రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి ఎత్తింది.

"అక్కా, మీటింగులో ఉన్నాను..."

"మేడమ్, ఇందాకటి ఆసుపత్రి కాల్. ఆయనకు నడుములో సూది వెయ్యొద్దని చెప్పండి. ముందది చెప్పండి."

"ఎందుకు? మాత్రలు వాడుతున్నాడా?"

"తెలీదు. నేను సగమే చూశాను."

"సగం చూసి ఆపరేషన్ ఆపమని నేనెలా చెప్పనక్కా?"

"అనువాదకురాలు సగమే చూసిందని చెప్పండి. అదే చెప్పండి."

పర్యవేక్షకురాలు లైనులో ఉండమని, ఇంకో ఫోన్లో వార్డుకు చేసింది. చేతులమ్మకు ఇటునుంచి అంతా వినపడుతోంది. వార్డులో ఎవరో ఎత్తారు. రోగిని థియేటర్‌లోకి తీసుకెళ్లిపోయారట, లోపలి ఫోను ఎవరూ ఎత్తడం లేదట, మనిషిని పంపి చెప్పిస్తారట.

"పంపిస్తారంటక్కా. ట్యాబ్ మాత్రం రోగితోనే లోపలికి వెళ్లింది. మీరు లైనులోకి వస్తే నేరుగా అక్కడే మోగుతుంది. ఇంకొకళ్లను పెడదామంటే ఇరవై నిమిషాల దాకా ఎవరూ ఖాళీ లేరు."

"ఇరవై నిమిషాలా!"

"ఎక్కడినుంచైనా రండక్కా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

వసారా గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. కోడలి ముఖం చూసి ఆవిడకు సగం అర్థమైంది. మిగతా సగం కోడలు రెండు ముక్కల్లో చెప్పింది.

"కింది ఆయనది వేరే కంపెనీ నెట్టు. తీగ ఇంటి వెనక నుంచి వస్తుంది," అంది అత్తగారు.

చేతులమ్మ కదల్లేదు.

"ఏంటే చూస్తున్నావ్? నీకు మొహం చెల్లకపోతే నేనడుగుతా పద. తిట్టింది నేనేగా, తిట్లు తినేదీ నేనే."

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని చేతులమ్మ మెట్లు దిగింది. వెనక మోకాళ్లు పట్టుకుంటూ అత్తగారు. మాస్టారి తలుపు మీద అట్టముక్క వేలాడుతోంది: 'రికార్డింగ్ జరుగుతున్నది. తలుపు తట్టరాదు.' చేతులమ్మ అరచేత్తో దబదబా బాదింది. లోపల చదువుతున్న గొంతు వాక్యం మధ్యలో ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"చదువు రాదా మీకు?"

"మాస్టారూ, మీ నెట్ కావాలి. ఇప్పుడే. ఒక మనిషికి ఆపరేషన్ జరుగుతోంది, నేను తప్పు చెప్పాను."

ఆయన ఏదో అనబోయి ఆమె చేతుల వైపు చూశాడు. ల్యాప్‌టాప్ అప్పటికే సగం తెరిచి ఉంది. పక్కకు తొలిగాడు.

గోడల నిండా బూడిదరంగు స్పాంజి అంటించిన చిన్న గది. ఒక మైకు, ఒక టేబుల్ ల్యాంపు, తెరిచి పెట్టిన పుస్తకం. ఆయన మైకు పక్కకు జరిపి చోటిచ్చాడు. పాస్‌వర్డ్ ఆయనకు గుర్తులేదు, నెట్ పెట్టె అడుగున రాసి ఉంది. పెట్టె తిరగేసి పట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి చదివాడు. పాఠం చెప్పినట్టు, అక్షరానికి అక్షరం విడగొట్టి, ఏది పెద్దదో ఏది చిన్నదో తేడా చెబుతూ చదివాడు. ఆమె కొట్టింది. తప్పని వచ్చింది. గుమ్మంలోంచి అత్తగారు "నిదానంగా కొట్టవే" అని అరిచింది. మాస్టారు విసుక్కోకుండా మొదటినుంచి మళ్లీ చదివాడు. కలిసింది.

గదిలో వెలుతురు చాలడం లేదు. ఆయన ల్యాంపు ఎత్తి ఆమె ముఖం మీదకు తిప్పి, కింద నాలుగు పుస్తకాలు పేర్చి దాని మీద పెట్టాడు.

"మీరు బయటికెళ్లాలి మాస్టారూ. రోగి సంగతులు వేరేవాళ్లు వినకూడదు."

తన ఇంట్లోంచి తనను పొమ్మంటే ఆయన కళ్లజోడు దించుకుని వెళ్లిపోయాడు. అత్తగారిని కూడా రెక్క పట్టుకుని మెట్ల మీదికి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు.

కాల్ మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఏడుసార్లు మోగాక మాస్కు కట్టుకున్న నర్సు ముఖం అడ్డంగా కనపడింది. ఆమె వెనక బల్ల మీద వడ్రంగి, దిండు కౌగిలించుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. వీపు మీద ఎర్రమందు పూసి ఉంది. చేతి తొడుగులతో డాక్టరు అతని వెనక నిలబడ్డాడు. వార్డు నుంచి పంపిన మనిషి ఇంకా చేరినట్టు లేడు.

"ఆగండి డాక్టరుగారూ! సూది వెయ్యకండి!"

"ఎవరది?"

"సైగల అనువాదకురాలినండీ. ఇందాక నేను చెప్పింది సగమే."

"పది రోజులన్నారుగా?"

"పది రోజులని నేనన్నానండీ. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. చివర నేను చూడలేదు, నెట్ పోయింది. చూడకుండానే మీకు అయిపోయినట్టు చెప్పాను."

ఏదో యంత్రం టిక్కుటిక్కుమంటోంది.

"ఏంటమ్మా ఇది! అంతా సిద్ధం చేసుకుని..." అన్నాడు డాక్టరు.

"ఒక్క నిమిషం ఆయన్ని నా వైపు చూడమనండి. ఒక్క నిమిషం."

నర్సు ట్యాబ్ వడ్రంగి ముఖానికి ఎదురుగా పెట్టింది. అతను తల ఎత్తాడు. ఒక చేతికి సెలైను ఉంది, ఒక చేత్తోనే చెప్పాలి. చేతులమ్మ చేతులు ఎత్తింది. మాత్ర ఆపి పది రోజులన్నావు, తర్వాతేం చెప్పబోయావని అడిగింది.

వడ్రంగికి చిరాకు వచ్చింది. ఇందాకే చెప్పానుగా అన్నట్టు ముఖం పెట్టాడు. ఒంటిచేత్తో నెమ్మదిగా చెప్పాడు. ఆమె నోరు విప్పలేదు. అతని చెయ్యి దిండు మీదికి వచ్చి వాలేదాకా ఆగింది. ఆగిన ఆ కొద్ది సెకన్లలో డాక్టరు రెండుసార్లు "ఏమంటున్నాడు?" అన్నాడు.

"పది రోజుల కింద ఆపాను, మూడు రోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టాను అంటున్నారు. నిన్న రాత్రి కూడా వేసుకున్నారట."

స్టీలు పళ్లెంలో ఏదో పెట్టిన చప్పుడు వినిపించింది.

"నడుము సూది వద్దు. పూర్తి మత్తిద్దాం. రక్తం సిద్ధంగా పెట్టమని చెప్పండి. పెద్ద డాక్టరు గారిని పిలవండి," అన్నాడు డాక్టరు నర్సుతో. అప్పటికి గొంతులో తొందర లేదు. తర్వాత ట్యాబ్ వైపు తిరిగి, "అమ్మా, అతనికి ఇది అర్థమయ్యేలా చెప్పండి. మొత్తం చెప్పండి. నేనాగుతాను," అన్నాడు.

ఆమె మొత్తం చెప్పింది. వడ్రంగి చూసి, తాను నిద్రపోతే తన తరఫున ఎవరు మాట్లాడతారని అడిగాడు. నిద్రలో మాట్లాడే పనేమీ ఉండదు, లేచేసరికి నేనో ఇంకొకరో తెరలో ఉంటామని ఆమె చెప్పింది. అతను నవ్వాడు.

కాల్ అయిపోయింది. కాసేపటికి మాస్టారు తలుపు కొంచెం తీసి, లోపలికి రావచ్చా అన్నట్టు చూశాడు. వచ్చి తన కంప్యూటర్ చూసి గతుక్కుమన్నాడు.

"మైకు ఆపలేదు నేను. ఇదంతా రికార్డయింది."

ఆమె తెర వైపు చూసింది. డాక్టరు మాటలు, తన మాటలు, తప్పు ఒప్పుకోవడం, దిద్దుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తుంది. ఆ ఆలోచన రాలేదని కాదు. వచ్చింది.

"చెరిపేయండి. అది ఆయన జబ్బు సంగతి, మనది కాదు."

"మీరే చెరపండి. నేను చెరిపానో లేదో అని మీకు అనుమానం ఉండకూడదు."

ఆమే చెరిపింది. లేచి ల్యాప్‌టాప్ మూస్తుంటే ఆయన పుస్తకాలు సర్దుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"పైన చప్పుడు ఆగినప్పుడు, నా మాట విన్నారులే అనుకున్నాను. పన్నెండు రోజులు హాయిగా రికార్డు చేసుకున్నాను. పదమూడో రోజు ఎవరో చెప్పారు, మీ అమ్మగారు పోయారని. పైకి రావడానికి కాళ్లు రాలేదు."

చేతులమ్మ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుంది. పర్లేదు అనలేదు. మీ నెట్‌కు థ్యాంక్స్ మాస్టారూ అని మాత్రం అని మెట్లెక్కింది. పర్లేదు అనడానికి ఆమెకు ఇంకా చాలా రోజులు పట్టింది.

నాలుగో రోజున కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. అనువాదకురాలు పరస్పర విరుద్ధంగా చెప్పిందనీ, ఆపరేషన్ ఆలస్యమైందనీ ఆసుపత్రి ఆఫీసు వాళ్లు రాశారు. పైగా కేంద్రం నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఆమె పరాయివాళ్ల ఇంట్లో కూర్చుని పనిచేసింది. విచారణ తేలేదాకా పని ఆపమన్నారు. పదహారు రోజులు ఆ గది తలుపు తెరిచే ఉంది. అత్తగారు రోజంతా నెట్ వాడుకోవచ్చు. కానీ ఆవిడ ఎందుకో సీరియల్ పెట్టలేదు. కోడలు అన్నం సరిగా తినడం లేదని కొడుక్కి చాడీలు చెప్పుకుంటూ కాలం గడిపింది.

విచారణ కూడా వీడియోలోనే జరిగింది. ముగ్గురు అధికారులు. చేతులమ్మ దేన్నీ దాచలేదు. వాక్యం పూర్తికాకముందే తాను పూర్తయినట్టు చెప్పిన మాట నిజమేనంది. ఒక్క తీగ మీద ఆధారపడి ఆసుపత్రి కాల్స్ చేయించడం కూడా తప్పేనని, ఆ తప్పు తనదొక్కదానిదే కాదనీ అంది. మత్తు డాక్టరు కూడా విడిగా నాలుగు వాక్యాలు రాసి పంపాడని పర్యవేక్షకురాలు చదివి వినిపించింది. అందులో ఒకటి: "ఆమె తిరిగి రాకపోయి ఉంటే నేను సూది వేసి ఉండేవాడిని."

ఆసుపత్రి కాల్స్ చేసేవాళ్లందరికీ వేరే కంపెనీది రెండో నెట్ కూడా పెట్టిస్తామన్నారు. ఆమెను పనిలోకి రమ్మన్నారు. కానీ ఆమె ఫైల్లో ఒక మాట మిగిలిపోయింది: 'తప్పుడు అనువాదం'.

ఆమె ఆ ఒక్క మాట మీద ఉత్తరం రాసింది. తనకు మినహాయింపు అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు రాయండి చాలు, అది తప్పుడు అనువాదం కాదు, అసంపూర్ణ అనువాదం అని. జవాబు రాలేదు. ఇంకోటి రాసింది. రెంటికీ పెద్ద తేడా లేదని జవాబొచ్చింది. మూడోది రెండు పేజీలు రాసింది. భర్త చదివి, "ఇక వదిలెయ్యరాదూ," అన్నాడు. వదల్లేదు.

రెండు నెలలకు ఒక్క లైను జవాబు వచ్చింది. మార్చారు. ఆమె ఆ కాగితం అత్తగారికి చదివి వినిపించింది.

"ఇంతోటి మాట కోసం ఇన్ని కాగితాలు ఖరాబు చేశావా? ఏంటే రెంటికీ తేడా?"

"తప్పు చెప్పానంటే ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు అత్తయ్యా. సగమే చెప్పానంటే, మిగతా సగం ఏంటని ఎవరో ఒకరు అడుగుతారు."

అత్తగారు అర్థమైనట్టే తలూపి, సీరియల్ పెట్టుకోవడానికి ఫోను అందుకుంది. గదిలోంచి కాల్ మోగడం మొదలైంది. చేతులమ్మ నల్లచొక్కా బొత్తాలు పెట్టుకుంటూ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.